ఏడుగురు తాతల యంత్రం

మా మెట్లదారిలో మూడో అంతస్తులో ఉండే ఎలెమెస్ అన్నయ్య వాతావరణ కార్యాలయంలో ముప్పైయొక్క ఏళ్ళు పనిచేశాడు. రేపు ఎండా, వానా, మంచా అని అల్మాటీ నగరానికంతటికీ చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆయన చెప్పింది నాలుగు రోజుల్లో మూడు రోజులు జరిగేది. అయితే మనుషుల సంగతి తెలిసిందే కదా, ఆ మూడు రోజులూ ఒక్కరికీ గుర్తుండవు. నాలుగో రోజు తడిసిన కోటు మాత్రం పదేళ్ళు గుర్తుంటుంది.

నా పేరు దమేష్. మందుల షాపులో పనిచేసి రిటైరైనదాన్ని. ఆయన ఫ్లాటుకు సరిగ్గా కింద, రెండో అంతస్తులో ఉంటాను. ఆయన భార్య ఖదీషా, నేనూ ముప్పైయేళ్ళుగా ఒకరి వంటింట్లో ఒకరం టీ తాగుతున్నాం. కాబట్టి ఈ కథలో నేనెవరి పక్షమో ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నన్ను అనొద్దు.

ఎలెమెస్ జాతకంలో ఆ నాలుగో రోజు సొంత కూతురి పెళ్ళిరోజున వచ్చింది. వియ్యంకుడు సగిందిక్ కాస్కెలెన్ దాటాక కొండల కింద ఊళ్ళో గుర్రాలు పెంచుతాడు. పెళ్ళి ముందురోజు, "బావగారూ, బల్లలు బయట వేయించమంటారా, లోపలా?" అని అడిగాడు. "బయటే వేయించండి. రేపు ఒక్క చుక్క పడితే నా మీసం తీసేస్తా," అన్నాడు ఎలెమెస్. మధ్యాహ్నానికి పిట్టగుడ్లంత వడగళ్ళు పడ్డాయి. రెండు వందల మంది చుట్టాలు పట్టుబట్టలతో బల్లల కింద దూరారు. మీసం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, అదొక్కటే వాళ్ళు చూపిన మర్యాద.

అప్పటినుంచి ఎలెమెస్ ఉన్న చోటికి సగిందిక్ గొడుగు లేకుండా రాడు. మండువేసవిలో కూడా. అది చాలదన్నట్టు మరుసటి ఏడు ఇంకో పని చేశాడు. మా కజాఖుల విందుల్లో ఉడికించిన గొర్రె తలను అందరికంటే గౌరవించాల్సిన అతిథి ముందు పెడతారు. ఆయన కోసి పంచుతాడు. చెవి మాత్రం ఇంట్లో చిన్నపిల్లలకిస్తాడు, పెద్దల మాట వినండర్రా అని. సగిందిక్ ఇంటి విందులో ఆ తల ఎలెమెస్ ముందుకే రావాలి. వయసులో పెద్ద, పైగా పిల్లనిచ్చినవాడు. తల మాత్రం పక్కూరి ముసలాయన ముందుకు వెళ్ళింది. సగిందిక్ ఆ ముసలాయన చేత చెవి కోయించి, స్వయంగా తెచ్చి ఎలెమెస్ పళ్ళెంలో పెట్టాడు.

"తినండి బావగారూ. ఇకనుంచైనా ఆకాశం చెప్పేది మీకు సరిగ్గా వినబడుద్ది."

వియ్యాలవారి వేళాకోళానికి మాలో హద్దు లేదు, కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు. ఎలెమెస్ కూడా అందరితోపాటు నవ్వాడు, చెవి తిన్నాడు. ఇంటికొచ్చాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని ఖదీషా చెప్పింది.

రిటైరయ్యాక ఒక ఏడాది ఆయన బాల్కనీలో కూర్చుని మబ్బుల్ని చూశాడు. చూసి ఏమీ చెప్పేవాడు కాదు, అడిగినవాడు లేడు కనుక. ఆ రోజుల్లో మా వీధిలో రొట్టెలమ్మే ఆవిడ కూడా షేర్ల గురించే మాట్లాడేది. ఒకరోజు ఎలెమెస్ పాత కంప్యూటరు ఒకటి కొనుక్కొచ్చి టీ బల్ల మీద పెట్టాడు. ఒక లావుపాటి రష్యన్ పుస్తకం ముందేసుకుని మూడు నెలలు చదివాడు. న్యూరల్ నెట్‌వర్క్ అట. మనిషి మెదడులాగా తనంతట తానే నేర్చుకునే ప్రోగ్రాం అట. పాత ధరలన్నీ దానికి మేపితే రేపటి ధర చెబుతుందట.

"మబ్బుకి నిలకడ లేదు వదినా," అన్నాడు నాతో. "ధర అలాక్కాదు. ధరంటే ఏంటి, మనుషుల ఆశా, మనుషుల భయమూ. దాన్ని పట్టుకోవచ్చు."

"మనుషులకి నిలకడుందని మీకెవరు చెప్పారన్నయ్యా?" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. చెవి తిన్నా గుణం కనిపించలేదు.

అలాంటి యంత్రానికి రెండు మూడు పొరలు చాలని ఆ పుస్తకంలో రాసి ఉందట. ఎలెమెస్‌కు అది మింగుడుపడలేదు. ఏడు తరాల తాతల పేర్లు చెప్పలేనివాణ్ణి మాలో బుద్ధిలేనివాడంటారు. "మనిషికే ఏడు తరాలు తెలియాలంటే, రేపటి సంగతి చెప్పే యంత్రానికి మూడు పొరలు సరిపోతాయా?" అని ఏడు పొరలు పెట్టాడు. పెట్టి ఊరుకోక ఒక్కో పొరకు ఒక్కో తాత పేరు పెట్టాడు. మొదటి పొర తండ్రి, రెండోది తండ్రి తండ్రి, అలా పైకి. ఖదీషా వంటింట్లో గోధుమపిండి బౌర్సాకులు వేయిస్తుంటే లోపలినుంచి, "మూడో తాత బాగానే నేర్చుకున్నాడు, ఐదో ఆయనే తేడా చేస్తున్నాడు," అని వినబడేది.

ఐదో తాత బోరన్‌బాయ్ గుర్రాల దొంగ. వాళ్ళింట్లో ఆ మాట అనరు, "రాత్రిళ్ళు ఎక్కువ తిరిగేవాడు" అంటారు. ఆయన తోలుకుపోయిన గుర్రాల్లో ఒక తెల్ల ఆడగుర్రం సగిందిక్ వంశంవాళ్ళది. సంబంధం మాట్లాడుకున్న రోజే సగిందిక్, "అన్నీ బాగానే ఉన్నయ్ గానీ బావగారూ, మా గుర్రాన్ని ఎప్పుడిస్తారు?" అని అడిగాడు. ఎప్పుడో ముత్తాతల నాటి సంగతి, నిన్న మొన్న జరిగినట్టే అడుగుతాడు.

జోస్యం తప్పినప్పుడల్లా నింద బోరన్‌బాయ్ పొర మీదికి పోయేది.

"ఆ ఒక్క పొరా తీసేస్తే పోదా?" అన్నాను ఒకసారి.

"తాతని ఎలా తీసేస్తాం వదినా?" అన్నాడు, నిజంగానే బాధపడి.

వంటింట్లోనుంచి ఖదీషా, "ఆయన నయం, గుర్రాలైనా ఇంటికి తోలుకొచ్చాడు," అంది.

అంటూనే నవ్వి, తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడేళ్ళ కింద ఖదీషా కుర్త్ కొరికింది. కుర్త్ అంటే ఎండబెట్టిన పెరుగు ఉండ, రాయికి చెల్లెలు. అదంటే ఆమెకు ప్రాణం. ఆ ఉండ అలాగే ఉంది, పై వరస ముందు పళ్ళు రెండూ వచ్చేశాయి. అప్పటినుంచి ఆమె నవ్వు గుడ్డ వెనకాలే. ఫొటోల్లో మూతి బిగించుకుని, ఎవరిమీదో అలిగినట్టు ఉంటుంది. మనవరాలు ఒకసారి, "నానమ్మా, అమ్మమ్మకి నేనంటే ఇష్టం లేదా?" అని సగిందిక్ భార్యను అడిగిందట. ఆ మాట ఖదీషా చెవిన పడింది. ఆ రోజే పళ్ళు కట్టించుకోవాలని నిర్ణయించుకుంది.

దానికి దారి కూడా ఉంది. మేం ఆరుగురు ఆడవాళ్ళం చీటీ వేసుకుంటాం. నెలకొకరి ఇంట్లో భోజనం, ఆ నెల డబ్బంతా ఆ ఇంటావిడకు. పాటలు లేవు, వంతులే. ఖదీషా వంతు మార్చిలో వచ్చే నౌరూజ్ పండగ ముందు వచ్చింది. ఆ రోజు ఆమె గుర్రపుమాంసం సాసేజీలు పెట్టి, కవరు అందుకుని, పళ్ళ డాక్టరు చీటీతోపాటు మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

ఎలెమెస్ కళ్ళు ఆ కవరు మీదే ఉన్నాయి. ఆయన్నీ పూర్తిగా తప్పు పట్టలేను. అప్పటికి ఆయన గ్రాఫు చూస్తే ఎవరికైనా మతి పోతుంది. కాగితాలు ఒకదానికొకటి అతికించి గోడమీది తివాసీకి గుండుసూదులతో గుచ్చాడు, ఈ మూలనుంచి ఆ మూలకు. సారీదాలా అనే పిండి మిల్లుల కంపెనీ షేరు ధర నల్ల గీత. యంత్రం ఒకరోజు ముందు చెప్పిన ధర ఎర్ర గీత. రెండూ మొగుడూ పెళ్ళాల్లా కలిసి ఎక్కుతున్నాయి, కలిసి దిగుతున్నాయి. బోరన్‌బాయ్ కూడా దారికొచ్చాడని ఎలెమెస్ సంబరపడ్డాడు.

"మూడు నెలలు ఇవ్వు ఖదీషా," అన్నాడు నా ఎదుటే. "రెండు పళ్ళ డబ్బు నాలుగు పళ్ళ డబ్బవుద్ది."

"నాకు ఊడినవి రెండేనండీ."

"మిగతావి ఊడవా ఏంటి?"

నేనైతే టీ కప్పు విసిరేసేదాన్ని. ఖదీషా మూడు రోజులు కుదరదంది. నాలుగో రోజు కవరు తీసి ఆయన ముందు పెట్టింది. ఎందుకిచ్చావని నేను కేకలేస్తే, "ఆ చెవి తిన్నప్పటి మొహం నువ్వు చూళ్ళేదు దమేష్," అంది. "మూడేళ్ళు ఎడమపక్కనే నమిలా. ఇంకో మూడు నెలలు నమల్లేనా?" ఆమె మంచితనం చూస్తే నాకు కడుపు మండిపోయింది. ఆ మంటతోనే మెట్లు దిగి వచ్చేశాను.

పండగ సెలవులకు ముందురోజు సారీదాలా ధర ఒక్కసారిగా ఎగిరింది. ఎక్స్ఛేంజీ మూసేశారు, మూడు రోజుల దాకా తెరవరు. ఎలెమెస్ ఆ ధర యంత్రానికి మేపాడు. ఎర్ర గీత నిటారుగా పైకి లేచింది. సెలవులు అయిన మొదటి రోజే ఖదీషా డబ్బు పెట్టాలని ముహూర్తం పెట్టుకున్నాడు.

పండగ రోజు అందరం సగిందిక్ ఊరు వెళ్ళాం. ఏడు దినుసుల నౌరూజ్ జావ తాగాం. సగిందిక్ గొడుగు పక్కన పెట్టుకునే కూర్చున్నాడు, ఎండ ఫెళఫెళ కాస్తోంది. ఇంతలో ఎలెమెస్ లేచి నిలబడి, "సుయిన్షి!" అన్నాడు.

ఆ మాట వింటే మా వాళ్ళకు ఒళ్ళు తెలియదు. మంచి కబురు తెచ్చినవాడు కబురు చెప్పకముందే ఆ మాట అంటాడు. కొడుకు పుట్టినా, తప్పిపోయిన ఆవు దొరికినా అంతే. వినేవాడు, "ఏం కావాలో తీసుకో," అనాలి. కబురు తర్వాత, బహుమానం ముందు. అయితే ఇంతవరకూ జరిగిన సంగతికే అడిగారు గానీ, జరగబోయేదానికి సుయిన్షి అడిగిన మొనగాడు మా దేశంలో లేడు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఆయన కోసమే పుట్టినట్టుంది.

సగిందిక్ అలవాటు కొద్దీ, "ఏం కావాలో తీసుకోండి," అనేశాడు.

"సెలవులవగానే సారీదాలా షేరు లేస్తుంది. నా యంత్రం చెప్పింది," అని ఎలెమెస్ మడిచి తెచ్చిన గ్రాఫు పరిచాడు.

జావ గిన్నెలు పక్కకు జరిగాయి. ముసలాళ్ళు కళ్ళజోళ్ళు తగిలించుకున్నారు. సగిందిక్ ఆ రెండు గీతల మీద వేలు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరి దాకా నడిపించాడు. ఎక్కడా వేళాకోళం దొరకలేదు. నేనాయన మొహంలో అంతటి మర్యాద ఎప్పుడూ చూడలేదు. కొట్టంలోంచి కొవ్వుతోక గొర్రెను తెప్పించి, తాడు ఎలెమెస్ చేతికిచ్చాడు.

"తీసుకెళ్ళండి బావగారూ. మీ జోస్యం నిజమైతే వచ్చే విందులో తల మీ ముందే."

"కాకపోతే?" అన్నాను నేను.

"కాకపోతే గొర్రె వెనక్కి, చెవి ముందుకి," అన్నాడు సగిందిక్.

ఇక గొర్రె అల్మాటీకి వచ్చింది. పట్నంలో ఫ్లాట్లలో గొర్రెను ఎక్కడ పెడతారు, బాల్కనీలోనే. బాల్కనీ అడుగున సందులున్నాయి. ఆ సందుల కింద నా బాల్కనీ, నా ఆరేసిన దుప్పట్లు. ఇంతకంటే వివరంగా చెప్పదలచుకోలేదు.

రెండో రోజు సాయంత్రం సగిందిక్ ఫోను చేశాడు. గొంతులో హుషారు నాకు కిందికి వినబడింది. రేపు మధ్యాహ్నం పశువుల బజార్లో అక్‌బోజ్‌ను అమ్ముతున్నాడట. ఆ డబ్బంతా ఎల్లుండి సారీదాలాలో పెడతాడట. అక్‌బోజ్ ఆయన తెల్ల ఆడగుర్రం. పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోతాడు గానీ అక్‌బోజ్ పుట్టినరోజు మరవడు. ఎలెమెస్ ఫోను పెట్టేసి, "చూశావా, నన్ను నమ్మాడు," అన్నాడట. అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయట.

మూడో రోజు పొద్దున్నే నేను దుప్పటి సాక్ష్యం చేత్తో పట్టుకుని పైకి వెళ్ళాను. గోడమీదికి మళ్ళీ ఎక్కిన గ్రాఫు ముందు ఖదీషా నిలబడి ఉంది. చేతిలో ఆమె గుడ్డముక్కల బొంత పని. ముక్కలు కత్తిరించే ముందు నమూనా గీసుకునే పల్చటి కాగితం కూడా ఉంది. ఎలెమెస్ షేరు దరఖాస్తు నింపుతున్నాడు.

"ఏవండీ, ఒకటడగనా?" అంది ఖదీషా. "నెలరోజులుగా కుట్టుకుంటూ దీన్నే చూస్తన్నా. ఈ ఎర్రది ఈ నల్లదాని నమూనాయే కదా?"

"కలిసి పోతన్నయ్, అదే దాని గొప్ప."

"కలవట్లేదండీ. ఒక గడి వెనకపడింది."

పల్చటి కాగితం గ్రాఫు మీద వేసి ఎర్ర గీతను పెన్సిలుతో దిద్దింది. తర్వాత ఆ కాగితాన్ని ఎడమకు జరిపింది, ఒక్క గడి. పెన్సిలు గీత నల్ల గీత మీద పోయి కూర్చుంది. కొండకు కొండ, గుంటకు గుంట, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇది రేపటిది చెప్పట్లేదు," అంది. "ఇవాళ ఎంతుందో అదే రేపటిదని చెప్తంది. సెలవుల ముందు ధర లేచింది కాబట్టి ఇదీ లేచింది. అంతే కదూ?"

ఎలెమెస్ లేచి వచ్చాడు. కాగితాన్ని కుడికి జరిపాడు, ఎడమకు జరిపాడు. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకు. తర్వాత తివాసీ కింద నేలమీద కూర్చుండిపోయాడు. ఏడుగురు తాతలు, మూడు నెలల పుస్తకం, ఏడాది పని. అన్నీ కలిసి నేర్చుకున్నది "రేపు కూడా ఇవాళ్టిలాగే" అన్న ఒక్క ముక్క.

నేను ఎన్నో మాటలు దాచుకుని వెళ్ళాను. ఆ మొహం చూశాక దుప్పటి వెనక్కి దాచుకున్నాను.

కాసేపటికి ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "ధర మామూలుగా కూడా లేవొచ్చు. లేస్తే యంత్రం సంగతి ఎవరికీ తెలీదు."

బాల్కనీలో గొర్రె అరిచింది. తల, ఆ విందు, అందరి ముందు సగిందిక్ వంగి పళ్ళెం పెట్టడం, అన్నీ ఆయన కళ్ళ ముందు కదిలే ఉంటాయి. బల్ల మీద కవరు అలాగే ఉంది.

ఖదీషా కవరు వంక చూడలేదు. "నా పళ్ళంటారా, అవి ఎప్పుడో ఊడినవే," అంది. "ఆయన గుర్రం ఇంకా చెయ్యి దాటలేదు కదండీ."

ఎలెమెస్ టోపీ పెట్టుకున్నాడు. ఫోను చేశాడు, సగిందిక్ ఎత్తలేదు. బజార్లో ఉన్నవాడికి ఫోనెలా వినబడుతుంది. మళ్ళీ చేశాడు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి గొర్రె తాడు విప్పాడు.

మెట్ల కింద టాక్సీవాణ్ణి పిలిస్తే, "గొర్రెకి డబల్," అన్నాడు. నేను కూడా ఎక్కాను. ఎందుకంటే అబద్ధమెందుకు, ఆ గొర్రె నా బాల్కనీ మీదనుంచి వెళ్ళిపోవడం కళ్ళారా చూడాలని. ముందు సీట్లో ఎలెమెస్, వెనక ఖదీషా, గొర్రె, నేను. దారి పొడుగునా గొర్రె నా ఒళ్ళోనే నిద్రపోయింది.

బజారుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. బురద, జనం, అరుపులు. దూరంగా అక్‌బోజ్ తెల్లగా కనబడింది. దాని పక్కన సగిందిక్ కుడిచెయ్యి, కొనేవాడి కుడిచెయ్యి, రెంటినీ కలిపి పట్టుకుని ఒక మధ్యవర్తి పైకీ కిందికీ ఊపుతున్నాడు. మా బజార్లో బేరం అలాగే తెగుతుంది. ఊపుతూ ఊపుతూ చివరికి, "బరకత్!" అని చేతులు విడదీస్తే అయిపోయినట్టు. తర్వాత ఏడ్చినా గుర్రం తిరిగి రాదు.

ఎలెమెస్ గొర్రెను భుజాన వేసుకుని బురదలో పరుగెత్తాడు. "బావగారూ!" అన్నాడు, వినబడలేదు. "ఆగండి!" అన్నాడు. పశువుల బజార్లో ఆ మాట ప్రతివాడూ అంటాడు. మధ్యవర్తి చెయ్యి పైకి లేచింది. అప్పుడు ఎలెమెస్ గొంతు చించుకుని అరిచాడు.

"సుయిన్షి!"

బజారు బజారంతా తిరిగి చూసింది. సగిందిక్ చెయ్యి దానంతటదే ఆ గుప్పిట్లోంచి బయటికి వచ్చేసింది. ఆ మాట విని ఆగని కజాఖువాడు ఇంకా పుట్టలేదు.

"ఏం కావాలో తీసుకోండి," అన్నాడు సగిందిక్. "ఏంటి కబురు?"

ఎలెమెస్ గొర్రెను దించి, తాడు ఆయన చేతికిచ్చాడు. ఆయాసం తీర్చుకోవడానికి కూడా ఆగలేదు. ఆగితే చెప్పలేనని అనుకుని ఉంటాడు.

"నా యంత్రానికి ఏమీ తెలీదు బావగారూ. ఇవాళ జరిగిందే రేపు జరుగుద్దని చెప్తంది. ఖదీషా పట్టుకుంది. రేపు ధర లేస్తుందో పడుద్దో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. గుర్రాన్ని అమ్మకండి."

చుట్టూ జనం మూగారు. ఎలెమెస్ మొహం ఎర్రబడింది, అయినా ఆపలేదు.

"ఇంకోటి కూడా ఉంది. ఆఫీసులో నేను చేసిందీ అదే. పటాలన్నీ చూసేవాణ్ణి, లెక్కలన్నీ వేసేవాణ్ణి. ఏమీ తేలకపోతే ఇవాళ ఎలా ఉందో రేపూ అలాగే ఉంటదని రాసేవాణ్ణి. నాలుగింట మూడు నిజమయ్యేవి. మీ అబ్బాయి పెళ్ళి ముందురోజు ఎండ కాసింది. అందుకే ఎండన్నా. ముప్పైయొక్క ఏళ్ళు నేను చేసిన పని ఆ యంత్రం ఏడాదిలో నేర్చేసుకుంది."

ఇలాంటి మాట ఇంతమందిలో చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను మందుల షాపులో ఒకసారి తప్పు మందిచ్చి, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ బురదలోనే పోయింది.

కొనేవాడు, "మరి గుర్రం సంగతేంటి?" అన్నాడు.

"నీ దారి నువ్వు చూసుకో," అన్నాడు సగిందిక్. అక్‌బోజ్ మెడ మీద చెయ్యి వేశాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు:

"మీ ఐదో తాత మా తెల్లగుర్రాన్ని తోలుకుపోయాడు బావగారూ. మీరు వెనక్కి తెచ్చి ఇచ్చారు. ఇక చెల్లుకి చెల్లు."

గొర్రె తాడు తిరిగి ఎలెమెస్ చేతిలో పెట్టాడు. "సుయిన్షి అడిగారు, కబురు మంచిదే. నా జన్మలో ఇంత మంచి కబురు ఎవరూ తేలేదు. ఇది మీదే."

అప్పుడు నేను అడ్డం పడ్డాను. ఆ గొర్రె మళ్ళీ మా మెట్లు ఎక్కితే నేను దిగిపోతానని చెప్పాను. కాబట్టి అది సగిందిక్ మందలోనే ఎలెమెస్ పేరు మీద మేసింది.

మర్నాడు ఎక్స్ఛేంజీ తెరిచారు. సారీదాలా ధర లేచింది. కొంచెమే, కానీ లేచింది. నేను ఊరుకోలేక సగిందిక్‌కు ఫోను చేశాను. ఆయనకప్పటికే తెలుసు.

"వదినా, మీరు చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు," అన్నాడు. మళ్ళీ తనే, "గుర్రం గడ్డి బాగానే తింటంది," అన్నాడు.

ఎలెమెస్ ఆ రోజు ధర చూడలేదు. ఆయన పళ్ళ డాక్టరు దగ్గర వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు, కవరు రెండు చేతుల్తో పట్టుకుని. లోపల మిషను గుయ్యిమన్నప్పుడల్లా ఈయనే ఉలిక్కిపడ్డాడట. ఖదీషా చెప్పింది.

జూన్‌లో సగిందిక్ విందు చేశాడు. ఆ గొర్రెనే కోశారు. అప్పటికి అది తోక మోయలేక మోయలేక నడిచేది. అందరం పెరట్లో బల్లల దగ్గర కూర్చున్నాం. సగిందిక్ ఎప్పటిలాగే గొడుగు తెచ్చుకున్నాడు. పెద్ద పళ్ళెం పట్టుకొచ్చి, వంగి, తలను ఎలెమెస్ ముందు పెట్టాడు.

"ఇవాళ చెప్పండి బావగారూ. వాన పడుద్దా?"

ఎలెమెస్ ఈసారి ఆకాశం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"తెలీదు," అన్నాడు.

సగిందిక్ గొడుగు తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చాడు. ఎలెమెస్ కత్తి తీసి ముందు కుడి చెవి కోశాడు. ఇద్దాం అన్నట్టు పిల్లల వైపు చూశాడు. మనవరాలు ముందే చెయ్యి చాపింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చెవిని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క పిల్లకిచ్చి, రెండోది తన నోట్లో వేసుకున్నాడు.

"నాక్కూడా ఇంకా కావాలి," అన్నాడు నములుతూ.

అందరికంటే ముందు ఖదీషా నవ్వింది. అలవాటు కొద్దీ చెయ్యి తలగుడ్డ చెంగు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, కిందికి దిగింది. పెరడంతా వినబడేలా నవ్వింది. మనవరాలు చెవి ముక్క నమలడం ఆపి, నోరు తెరిచి అమ్మమ్మ మొహం వంకే చూస్తూ ఉండిపోయింది.